ఎడమ భుజం

పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయిన రోజున నాకు నొప్పి అన్నదే తెలియలేదు. మాట ముద్దగా వచ్చింది, మూతి ఒక పక్కకు లాగింది, చేతిలో ఉన్న పుస్తకం జారి కింద పడింది, కానీ ఎక్కడా నొప్పి లేదు. అది ఆరో వారంలో మొదలైంది. అప్పటికి కర్ర సాయంతో పది అడుగులు వేయగలుగుతున్నాను, ఇంట్లో అందరికీ ధైర్యం చిక్కింది. సరిగ్గా ఆ దశలో ఎడమ భుజం నన్ను మళ్లీ మంచాన పడేసింది.

మొదట్లో రాత్రిపూట మాత్రమే సలిపేది. నిద్రలో ఒళ్లు ఎడమ వైపుకు ఒరిగితే, లేదా చెయ్యి దిండు మీద నుంచి జారి వెనక్కి పడితే, అరుపుతో మెలకువ వచ్చేది. పోనుపోను అది పగటికీ పాకింది. పక్షవాతం అంటే స్పర్శ పోవడమేనని, కదలని చేతికి నొప్పి ఉండదని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కదలని చెయ్యే నా రోజంతటినీ శాసించింది.

చొక్కా వేసుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టేది. చేతిని పక్కకు తెరవబోతే భుజం ముందు భాగంలో కత్తి దించినట్టు పోటు. తర్వాత నేర్చుకున్న పద్ధతి ఇది: కుర్చీలో కూర్చుని, చొక్కాను ఒళ్లో పరుచుకుని, ఎడమ చెయ్యి రెండు మోకాళ్ల మధ్య వదులుగా వేలాడేలా ముందుకు వంగి, కుడి చేత్తో చొక్కా చేతిని మోచేయి దాటేదాకా, ఆపైన భుజం ఎక్కేదాకా లాక్కుని, ఆ తర్వాతే కుడి చేతిని దూర్చుకోవాలి. విప్పేటప్పుడు మంచి చెయ్యి ముందు, పడిన చెయ్యి చివర. ఇంతకన్నా బాధపెట్టిన సంగతి, చెప్పుకోవడానికి చాలాకాలం సిగ్గుపడిన సంగతి, ఎడమ చంక. నొప్పికి భయపడి చేతిని ఒంటికి అదిమిపెట్టుకునేవాణ్ణి కాబట్టి అక్కడ కడగడం, తుడవడం కుదిరేది కాదు. చెమటకు చర్మం ఒరిసి పుండైంది, వాసన వచ్చేది. నా భార్య ఏమీ అనకుండా తడిగుడ్డతో తుడవబోతే నేను ఆమె మీద కేకలు వేశాను. ఆ కేకలు నొప్పి వేయించినవి, కానీ తగిలింది ఆమెకే.

నడక కూడా దెబ్బతింది. చేతిని బిగపట్టుకుని నడిస్తే ఒళ్లు ఒక పక్కకు ఒరిగి అడుగు తూలుతుంది. నొప్పి ఉందని చేతి వ్యాయామాలు మానేశాను. మానేసినకొద్దీ కీలు బిగుసుకుపోయింది. బిగుసుకున్నకొద్దీ నొప్పి పెరిగింది. రాత్రి నిద్ర లేకపోవడంతో పగలంతా మగత, చిరాకు, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం. చెయ్యి పడిపోయినందుకు నేను ఏడవలేదు, ఈ నొప్పికి ఏడ్చాను.

కారణం తెలిసింది రెండో ఫిజియోథెరపిస్టు వచ్చాకనే. ఆవిడ నా ఎడమ భుజం కొన ఎముక కింద తన వేలు ఆన్చి చూసి, తర్వాత నా కుడి చేతి వేలును అదే చోట పెట్టించారు. అక్కడ వేలు దిగేంత గుంట ఉంది. భుజం కీలు లోతైన గిన్నెలో కూర్చున్నది కాదు, చిన్న పళ్లేనికి బంతిని ఆనించినట్టు ఉంటుందట. దాన్ని జారకుండా పట్టి ఉంచేవి చుట్టూ ఉన్న కండరాలే. అవి చచ్చుబడినప్పుడు చేతి బరువే ఎముకను గూటి నుంచి కిందికి లాగుతుంది. ఆ స్థితిలో ఎవరైనా చెయ్యి పట్టుకుని గుంజితే లోపలి కండరాలు, స్నాయువులు నలిగి చిరుగుతాయి.

మా అబ్బాయి రోజూ చేసింది అదే. "నాన్నా, లేవండి" అంటూ ఒకసారి మణికట్టు పట్టుకుని, మరోసారి చంకలో చెయ్యి వేసి లేపేవాడు. ప్రేమతో చేశాడు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన కాగితంలో రక్తపోటు మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్రలు వివరంగా రాశారు. చేతిని ఎలా పట్టుకోవాలో ఒక్క వాక్యం కూడా లేదు. దానికి నాకు ఇప్పటికీ కోపమే. దీనికి తోడు, తెలిసినవారు ఒకరు చెప్పారని, తలపైన గిలకకు తాడు కట్టి మంచి చేత్తో పడిన చేతిని పైకి లాగే కసరత్తు రెండు వారాలు చేశాను. మామూలుగా చేతిని పూర్తిగా ఎత్తేటప్పుడు ఆ 180 డిగ్రీలలో సుమారు 60 డిగ్రీలు వీపు మీది రెక్క ఎముక తిరగడం వల్ల వస్తాయి. నా రెక్క ఎముక తిరగడం లేదు. తాడు మాత్రం చేతిని ఎత్తేస్తోంది. ఎముకల మధ్య కండర కొసలు నలిగిపోతుంటే, నొప్పిని ఓర్చుకుంటేనే బాగవుతుందని నేను పళ్లు బిగబట్టాను.

ఆవిడ ముందు మాన్పించింది ఆ గిలకనే. తర్వాత మా అబ్బాయిని కూర్చోబెట్టి, ఒక అరచేతిని రెక్క ఎముక మీద, రెండో చేతిని మోచేయి కింద ఉంచి ఎలా కదిలించాలో, లేపేటప్పుడు నడుము దగ్గర ఎలా పట్టుకోవాలో నేర్పారు. కూర్చున్నంతసేపూ ముంజేయి కింద దిండు. పడుకున్నప్పుడు భుజం కిందా, చెయ్యి పొడవునా దిండ్లు. చేతిని మెడకు వేలాడదీసే పట్టీ, అంటే స్లింగ్, నిలబడి నడిచేటప్పుడు మాత్రమే. రోజంతా వేసుకుంటే మోచేయి వంగి చెయ్యి ఛాతీకి అతుక్కుపోతుందని హెచ్చరించారు. "ఎడమ చెయ్యి పట్టుకుని లాగవద్దు" అని మా అబ్బాయి పెద్ద అక్షరాలతో రాసి మంచం తలవైపు గోడకు అంటించాడు.

కీలులో వేసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల ఊరట ఇచ్చింది, ఆ ఊరటలోనే వ్యాయామాలు మళ్లీ మొదలుపెట్టగలిగాను. మధ్యలో వేళ్లు ఉబ్బి నున్నగా మెరిసినప్పుడు డాక్టరు గారు వెంటనే రమ్మన్నారు, ఎందుకంటే చెయ్యి వేడెక్కి, రంగు మారి, తాకితేనే భరించలేనంత నొప్పి ఉంటే అది వేరే చిక్కు, ఆలస్యం చేయకూడదు. నాది అంతదాకా పోలేదు. ఆరో నెల దాటాక, అప్పటిదాకా వదులుగా ఉన్న కండరాలు అందుకు విరుద్ధంగా బిగుసుకోవడం మొదలైంది. ఛాతీ కండరంలో, బిగువును సడలించే బొటులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్ వేశారు. దాని పనితనం ఉండేది సుమారు 3 నెలలే, ఆ లోపు సాగదీసే వ్యాయామం శ్రద్ధగా చేయకపోతే వేసినా వేయకపోయినా ఒకటే.

ఇప్పుడు రెండో ఏడు నడుస్తోంది. ఎడమ చెయ్యి ఛాతీ ఎత్తు దాకా లేస్తుంది, అంతకుమించి లేవదు. ముందుకు వంగి చేతిని వేలాడదీస్తే చంకలో ఖాళీ ఏర్పడుతుంది, కుడి చేత్తో సబ్బు రాసి నేనే కడుక్కుంటున్నాను. చొక్కాకు ఐదు నిమిషాలు చాలు. ఎడమ వైపు తిరిగి పడుకోవడం మాత్రం పది నిమిషాలు దాటడం లేదు. గోడ మీది కాగితం అంచులు నలిగిపోతే మా అబ్బాయి మొన్ననే కొత్తది రాసి అంటించాడు.