గరుకు తోలు బూట్లకు మైనం పూసే ముందు

గరుకు తోలు బూట్లు కొనగానే అందరికీ వచ్చే మొదటి సందేహం, ఏం పూస్తే వీటికి నీళ్లు పట్టవు అని. నాకూ వచ్చింది, ఎవరో మైనం అన్నారు, ఆ సాయంత్రమే పూసేశాను. తెల్లారి చూస్తే లేత ఇసుక రంగు బూట్లు తడి మట్టి రంగుకు తిరిగాయి, మెత్తటి నూగంతా అణిగిపోయింది, ఎంత బ్రష్ చేసినా మళ్లీ లేవలేదు. బూట్లు గట్టిగానే ఉన్నాయి, కానీ నేను ముచ్చటపడి కొన్న ఆ రూపం తిరిగి రాలేదు.

కాబట్టి ముందు మీది ఏ తోలో చూసుకోండి. స్వెడ్ అంటే సాధారణంగా మందపాటి చర్మాన్ని పొరలుగా చీల్చినప్పుడు వచ్చే కింది పొర. నూబక్ అంటే తోలు పైవైపునే సన్నగా అరగదీసింది. రఫ్ అవుట్ వేరు, అందులో తోలును చీల్చకుండా తిరగేసి కుడతారు, నున్నటి గట్టి వైపు లోపలికి, మాంసానికి అంటుకుని ఉండే గరుకు వైపు బయటికి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు తొడిగిన బూట్లలో చాలా వాటికి ఇలా తిరగేసిన తోలే వాడారు, నూనె, కొవ్వు, మైనం కలిసిన డబ్బిన్ వాటికి దట్టంగా పట్టించేవాళ్లు. అంటే రఫ్ అవుట్‌కి మైనం తప్పేమీ కాదు, రంగు ముదిరినా నూగు పోయినా పర్వాలేదనుకుంటేనే పూయాలి, ఎందుకంటే ఒకసారి ఇంకిన మైనాన్ని పూర్తిగా తీయడం దాదాపు కుదరదు. స్వెడ్‌కి, నూబక్‌కి మాత్రం నీళ్లు పట్టనివ్వని స్ప్రేనే వాడండి.

స్ప్రే కొట్టేటప్పుడు బూట్లు శుభ్రంగా, పూర్తిగా పొడిగా ఉండాలి, ఆరుబయట కొట్టాలి, ఆ ఆవిరి పీల్చడం ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఒకేసారి తడిసిపోయేలా కాకుండా పలుచగా ఒక పూత, ఆరాక ఇంకొకటి. తర్వాత నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి, జారిపోతే సరే, తోలు నల్లబడి చుక్క ఇంకిపోతే మళ్లీ కొట్టాలి.

మైనమే అనుకుంటే ముందు మడమ దగ్గర కనపడని చోట కొంచెం రాసి, ఒక రోజు ఆగి రంగు చూడండి. ఆ తర్వాత కుట్ల దగ్గర మొదలుపెట్టండి. నీళ్లు తోలులోంచి కంటే సూది రంధ్రాల్లోంచి, సోల్ అతికిన అంచు నుంచి, నాలుక మడతల నుంచి ఎక్కువగా దూరతాయి. పాత టూత్ బ్రష్‌తో అక్కడ బాగా పట్టించాలి.

ఇంత చేసినా ఎప్పుడో ఒకప్పుడు తడుస్తాయి, దానికి టెన్షన్ పడక్కర్లేదు. బూట్లను ఎక్కువగా పాడు చేసేది తడి కాదు, తడిసిన బూట్లను హీటర్ ముందో మండుటెండలోనో పెట్టడం. తడి తోలుకు వేడి తగిలితే లోపలి పీచు కుంచించుకుని బిరుసెక్కుతుంది, తర్వాత నడిచేటప్పుడు మడత పడే చోట పగులుతుంది. లేసులు, లోపలి అట్టలు తీసేసి, పాత న్యూస్ పేపర్లు ఉండలు చుట్టి కుక్కండి, అవి తడిసినప్పుడల్లా మార్చండి, ఫ్యాన్ గాలి సరిపోతుంది. రెండు రోజులు పట్టినా పట్టనివ్వండి. బురద కూడా ఎండాకే దులపాలి, తడిగా ఉండగా రుద్దితే నూగులోకి ఇంకా దిగిపోతుంది. ఎండాక క్రేప్ రబ్బరు బ్రష్‌తో ముందు ఒకే వైపుకి, ఆపైన ఎదురు వైపుకి లాగితే, మైనం తగలని తోలైతే నూగు మళ్లీ లేస్తుంది.