ఇది మనదేనా?

ఢిల్లీలో చెల్లి ఇంటి నుండి అమ్మను తీసుకుని ఈ సాయంత్రం ఇల్లు చేరాము. అమ్మ మోకాళ్లు ఈసారి పెద్దగా పేచీ పెట్టలేదు, సామాను కూడా త్వరగానే వచ్చింది. ఇంత సుఖంగా జరిగిన ప్రయాణం తరువాత హాయిగా పడుకోకుండా రాత్రి పదకొండున్నరకు ఇది రాయడానికి కూర్చున్నానంటే, గేటు దగ్గర అద్దంలోంచి విమానాన్ని చూసి అమ్మ అడిగిన ఒక్క మాటే కారణం. "ఇది మనదేనా?" అని అడిగింది.

అమ్మ చేతిలోని బోర్డింగ్ పాసు మీద ఎయిర్ ఇండియా అని ఉంది. ఎదురుగా ఉన్న విమానానికేమో వంకాయ రంగు తోక, దాని మీద బంగారు నక్షత్రం, ఒంటి మీద విస్తారా అన్న పేరు. "మనదేనమ్మా, ఇంకా రంగు వేయలేదు, అంతే" అన్నాను. పేరు మార్చినవాళ్లకు బోర్డు మార్చే తీరిక దొరకలేదా అని ఆవిడ గట్టిగానే అడిగితే ముందు వరుసలో ఇద్దరు వెనుదిరిగి చూశారు.

2015 జనవరి 9న ఎగరడం మొదలుపెట్టిన విస్తారా, 2024 నవంబరు 11తో తన పేరున ఎగరడం ఆపేసి మరునాటి నుండి ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. దాని సర్వీసుల నంబర్లు 2తో మొదలయ్యే నాలుగంకెల నంబర్లుగా మారాయి. నంబరు కంప్యూటరులో రాత్రికి రాత్రి మారుతుంది, రంగు అలా మారదు. విమానాన్ని షెడ్డులోకి లాగి, కిటికీలకూ, సున్నితమైన భాగాలకూ కాగితం, టేపు అంటించి, పాత రంగును రసాయనంతో గానీ, రసాయనం పనికిరాని కాంపోజిట్ (నారలూ జిగురూ కలిపి చేసిన) భాగాల మీద అరగదీసి గానీ తీసి, ప్రైమరు వేసి, ఆరనిచ్చి, ఆపైన అసలు రంగు వేయాలి. తోకలో కదిలే భాగం మీద రంగు బరువు ఏ కొంచెం అటూ ఇటూ అయినా దాని తూకం మళ్లీ సరిచూడాలి. అన్ని రోజులూ విమానం రూపాయి సంపాదించదు కనుక, సాధారణంగా పెద్ద తనిఖీకి షెడ్డుకు వచ్చినప్పుడే ఈ పని కూడా ముగించుకుంటారు. ఇదంతా అమ్మకు వివరంగా చెప్పాను. ఆవిడ వినలేదు, నిద్రపోయింది.

నా చిరాకు రంగు వేయనందుకు కాదు, ఇంతకు ముందు వేసినందుకు. 2005 డిసెంబరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ పేరులో రెండో మాట తీసేసి ఇండియన్ అని మాత్రం మిగిల్చారు, కోణార్క చక్రాన్ని తలపించే కొత్త గుర్తు తోక మీదికి ఎక్కించారు. ఆ రంగు పాతబడే లోపే, 2007లో ఆ సంస్థను ఎయిర్ ఇండియాలో కలిపి, ఎర్ర హంసను గీసి, దాని కడుపులో ఆ చక్రాన్ని ఇమిడ్చారు. 2023 ఆగస్టులో ఆ హంసా పోయింది. అదే 2007లో జెట్ ఎయిర్‌వేస్ ఎయిర్ సహారాను కొని జెట్‌లైట్ అని పేరు పెట్టింది, ఎయిర్ డెక్కన్ కింగ్‌ఫిషర్ చేతికి వెళ్లి కొన్నాళ్లకు కింగ్‌ఫిషర్ రెడ్ అయింది, చివరికి 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ నేలకు దిగి కూర్చున్నాయి. అప్పులు నెత్తిన పెట్టుకుని కూడా మొదట రంగు డబ్బాలే తెరిచే ఈ అలవాటు నాకు ఎప్పటికీ అర్థం కాదు. (ఆంధ్రా బ్యాంకు ఊసు మళ్లీ ఎత్తనని మా ఆవిడకు మాట ఇచ్చాను కనుక ఎత్తడం లేదు.)

ఇంతవరకు రాసి, తిట్టడానికి ఇంకేమైనా దొరుకుతుందేమోనని ఎయిర్ ఇండియా కొత్త విమానాల ఫొటోలు తెరిచాను. ఎరుపు, బంగారు రంగుల పక్కనే వంకాయ రంగు కూడా కనిపించింది. విలీనం పూర్తికాక ముందే, 2023 నాటి నమూనాలోనే దానికి చోటిచ్చారు. విస్తారాను పూర్తిగా తుడిచిపెడుతున్నారని దారి పొడుగునా అమ్మతో వాదించినవాడిని, ఇప్పుడు ఆ మాటను కొంత వెనక్కి తీసుకోవలసి వస్తోంది.

అమ్మ ప్రశ్నకు నేను చెప్పిన జవాబు కూడా తప్పే. తాతయ్య బేగంపేటలో దక్కన్ ఎయిర్‌వేస్ మెకానిక్కు. 1945లో నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి పెట్టిన కంపెనీ అది. డకోటా విమానం ఇంజను కింద నిలబడి పనిచేసే తాతయ్య చొక్కాకు ఇంటికి వచ్చాక కూడా వచ్చే నూనె వాసననూ, ఆ చొక్కాను విడిగా నానబెట్టే అమ్మమ్మ విసుగునూ అమ్మ ఇప్పటికీ అభినయించి చూపిస్తుంది. 1953 ఆగస్టులో ప్రభుత్వం ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్ ఏర్పాటు చేసినప్పుడు, ఆయన పనిముట్ల పెట్టె మీద డి.ఏ. అన్న అక్షరాలు కొట్టేసి ఐ.ఏ.సి. అని రాసుకోమన్నారట. తాతయ్య ఒకే ఒక్క పూత, అదీ పలచగా వేశారు. ఎండలో పెడితే కొత్త అక్షరాల కింద పాతవి స్పష్టంగా కనబడేవి. పదవీ విరమణ చేసిన తరువాత కూడా ఆయన నోట "మా దక్కన్" అన్న మాటే వచ్చేది. ఎవరైనా సరిదిద్దబోతే, జీతం ఇచ్చేవాడు మారాడు గానీ స్పానరు మారలేదనేవారు.

ఆ దక్కన్ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో, అది 2007లో ఎయిర్ ఇండియాలో కలిశాయి. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా మళ్లీ టాటాల చేతికి వెళ్లింది, ఆ తరువాత విస్తారా వచ్చి చేరింది. ఈ లెక్కన ఈ రోజు మేము ఎక్కిన వంకాయ తోక విమానం తాతయ్య కంపెనీకి వరుస కలిసేదే. అమ్మ అడిగినప్పుడు చెప్పవలసినది అది. నేనేమో రంగు సంగతి చెప్పాను.

ఇందాక భోజనాల దగ్గర ఈ వరుస అంతా చెబితే అమ్మ ముఖం వెలిగిపోయింది. మజ్జిగ అన్నం కలుపుకుంటూ, పొద్దున్నే అటక మీద నుండి తాతయ్య పెట్టె దించమంది, పాత అక్షరాలు ఇంకా కనబడుతున్నాయో లేదో చూద్దామంది. సరేనన్నాను. మొన్న ఇల్లు మారినప్పుడు అటక ఖాళీ చేసి, ఆ పెట్టెను పాత ఇనుము కొనే అతనికి తూకానికి వేసింది నేనే.