అమెరికాలో ఆఖరి కార్యం

శనివారం, న్యూజెర్సీ

పొద్దుట్నుంచీ సన్నని వాన. ఇవాళ పెట్టుకున్న పని ఒక్కటే: ఇంట్లో మనిషి పోయినప్పుడు ఇక్కడి తెలుగు కుటుంబాల చేతికిచ్చే కాగితాన్ని తిరగరాయడం. పాతదాంట్లో సామాన్ల జాబితా బాగానే ఉంది. నువ్వులు, దర్భలు, బియ్యప్పిండి, ఆవునెయ్యి, కొత్త పంచె, మట్టికుండ. మొదటి గంటలో ఏం చేయాలో మాత్రం ఒక్క ముక్క లేదు. అన్నీ చేజారేది ఆ గంటలోనే.

హాస్పిస్ సేవలో (ఇక నయం కాదన్న రోగులకు ఆఖరి రోజుల్లో చేసే సేవ) ఉన్నవాళ్లు ఇంట్లో పోతే అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయకూడదు. హాస్పిస్ వాళ్ల నంబరుకే చేయాలి. నర్సు వచ్చి, మరణం నిర్ధారించి, సమయం రాసి, దేహాన్ని తీసుకెళ్లి దహన ఏర్పాట్లు చూసే ఫ్యునరల్ హోమ్‌కు కబురు పెడుతుంది. అందాకా కుటుంబానికి తీరిక ఉంటుంది; తులసి తీర్థం, విష్ణు సహస్రనామం, దీపం, అన్నీ నెమ్మదిగా జరుపుకోవచ్చు. హాస్పిస్ లేకుండా హఠాత్తుగా పోతే 911 తప్పదు. అంబులెన్సు వెంట పోలీసులూ వస్తారు. అది చూసి ఇంట్లోవాళ్లు హడలిపోతారు, కానీ ఇక్కడ ఎవరింట్లో జరిగినా అదే పద్ధతి. వాళ్లు చూసి సరేననేదాకా దేహాన్ని కదపకూడదు. మంచం మీంచి నేల మీదికి దించడం, స్నానం చేయించడం, బట్టలు మార్చడం, ఏదీ కుదరదు. మన ఆచారం సరిగ్గా ఆ నిమిషంలోనే ఇవన్నీ చేయమంటుంది కాబట్టి పేచీ మొదలయ్యేదీ అక్కడే. ఈ ఒక్క సంగతీ పెద్ద అక్షరాల్లో వేయాలి.

ఆ తర్వాత మెడికల్ ఎగ్జామినర్, అంటే మరణ కారణం తేల్చే ప్రభుత్వాధికారి. కారణం తెలియని చావైతే పోస్టుమార్టం మాట వస్తుంది. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా చట్టాల్లో మత విశ్వాసం కారణంగా దీనికి అభ్యంతరం చెప్పే వీలుంది. నేరం అనుమానం, ప్రజారోగ్యానికి ముప్పు లాంటివి ఉంటే ఆ అభ్యంతరం నిలవదు. కాలిఫోర్నియాలోనైతే మనిషి బతికుండగానే ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి ఉంచుకునే పత్రమే ఉంది. ఇలాంటి వెసులుబాట్ల కోసం ఎక్కువగా పట్టుబట్టింది ఆర్థడాక్స్ యూదులు. చట్టం మాత్రం ఏ ఒక్క మతానికో రాసింది కాదు, మనకూ వర్తిస్తుంది. మన ఇళ్లలో ఎంతమందికి ఇది తెలుసు? వలస వచ్చిన దేశంలో ఇమిడిపోవడం గురించి మాట్లాడినప్పుడల్లా ఏం వదులుకున్నామో లెక్క పెడతాం. చావు దగ్గర వదులుకున్నవాటిలో సగం ఎవరూ వద్దనలేదు. మనం నోరు తెరిచి అడగలేదంతే.

దహనానికి ముందు ఇంతసేపు ఆగాలని రాష్ట్రాన్ని బట్టి నియమం ఉంది. ఇక్కడ మరణించిన 24 గంటల దాకా ఆగాలి. టెక్సస్, ఫ్లోరిడాల్లో 48 గంటలు. దానికి తోడు డాక్టరు సంతకం, దహనానికి అనుమతి. శుక్రవారం సాయంత్రం పోతే ఆఫీసుల సెలవుల వల్ల సోమ, మంగళవారాల దాకా ఆగాల్సి రావచ్చు. పొద్దు గుంకేలోపు కట్టె మీద పెట్టాలనే పెద్దలకు ఇది మింగుడుపడదు. దేహం చల్లటి గదిలో ఉంటుంది, పాడవదు. ఎంబామింగ్ (దేహం పాడవకుండా మందు ఎక్కించడం) చేయించాలని చట్టమేమీ బలవంతపెట్టదు. మూడు రోజులు ఆగితే మైల లెక్క ఎక్కణ్ణుంచి అనే ప్రశ్న పురోహితుణ్ణి మొదటి ఫోన్‌లోనే అడిగేయాలి. దహనం నుంచి లెక్కపెట్టేవాళ్లున్నారు, మరణం నుంచి లెక్కపెట్టేవాళ్లున్నారు. పన్నెండో రోజుకు హాలు మాట్లాడుకున్నాక ఈ తగాదా తేలితే చాలా ఇబ్బంది.

ధర సంగతి. 1984 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ ఫ్యునరల్ రూల్ ప్రకారం ఫోన్‌లో అడిగినా ధర చెప్పాలి, వెళ్లి అడిగితే ధరల పట్టిక చేతికివ్వాలి. దేహాన్ని అందరూ చూసేలా ఉంచడం, సభ లేకుండా నేరుగా దహనం చేయించుకునేవాళ్ల చేత కాస్కెట్ (శవపేటిక) కొనిపించకూడదు; అట్టపెట్టో, రంగు వేయని చెక్కపెట్టో ఇస్తామని వాళ్లే చెప్పాలి. దుఃఖంలో ఉన్న కొడుకు మెరిసే ఓక్ కాస్కెట్ చూసి, నాన్నకు తక్కువ చేయకూడదని అప్పు మీద కొంటాడు. రెండు గంటల్లో అది బూడిదవుతుంది. మామూలు చెక్కపెట్టే మన పాడెకు దగ్గరి చుట్టం, అదే తీసుకోమని గట్టిగా రాస్తున్నాను.

ఇక క్రిమటోరియం, అంటే దహనశాల. కార్యంలో ఏది నిలబడుతుంది, ఏది నిలబడదు అన్నది అక్కడ యంత్రమే తేలుస్తుంది. ఇటుకలు పేర్చిన అరలో వేడి సుమారు 760 నుంచి 980 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. గంటన్నర నుంచి మూడు గంటలు పడుతుంది. పేస్‌మేకర్ ముందే తీయించాలి, లేకపోతే దాని బ్యాటరీ లోపల పేలుతుంది. నీళ్లున్న కొబ్బరికాయ పెట్టకూడదు, అదీ పగులుతుంది. గిన్నెడు నెయ్యి పోస్తే మంట ఒక్కసారిగా ఎగసి పొగ గొట్టంలోంచి నల్లగా వస్తుంది, అందుకే ఆపరేటర్లు వద్దంటారు. రెండు మూడు చెంచాలు చాలు. నువ్వులు కలిపిన బియ్యం నోటి దగ్గర వేయవచ్చు. పూలు, తులసి, గంధపు చెక్క ముక్క, నూలు బట్ట, వీటికి అభ్యంతరం ఉండదు. బంగారం, మంగళసూత్రం ఇంటి దగ్గరే తీసి లెక్క చూసుకోవాలి.

హాల్లో కర్పూరం వెలిగిస్తే పొగ అలారం మోగుతుంది, ఫైరింజన్ వస్తుంది. బయట కప్పు లేని చోట దీపం పెట్టుకుంటామని ముందురోజే అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. కుండతో మూడు చుట్లు తిరిగే పని కార్పెట్ మీద కుదరదు. వెనకవైపు దేహాన్ని దింపే సిమెంటు అరుగు దగ్గర కుదురుతుంది. పగిలిన పెంకులు ఊడ్చుకోవడానికి చీపురు మనమే తీసుకెళ్లాలి. దింపుడు కళ్లం కూడా పూర్తిగా పోనక్కర్లేదు. చాపెల్ (ప్రార్థన గది) నుంచి యంత్రం గదికి నడిచే దారిలో ట్రాలీ ఆపమంటే ఆపుతారు. చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవడానికి ఒక్క నిమిషం చాలు.

తలకొరివి బదులు బటన్. దగ్గరుండి చూసే దహనం కావాలని బుకింగ్ అప్పుడే చెప్పాలి. లేకపోతే కుటుంబాన్ని ఇంటికి పంపి, ఖాళీ దొరికినప్పుడు దహనం చేస్తారు. గదిలోకి ఎంతమందిని రానిస్తారో కూడా అప్పుడే తెలుసుకోవాలి. అగ్ని మంత్రం పూర్తయ్యాక కర్త బటన్ నొక్కుతారు. కర్త కూతురైనా ఇక్కడి పురోహితుల్లో చాలామంది చేయిస్తున్నారు. ఒక్కతే కూతురున్న ఇళ్లు పెరిగాయి, ఆ మార్పు నాకు నూటికి నూరుపాళ్లు సమ్మతం. లోపలికి పంపేముందు నంబరు వేసిన చిన్న లోహపు బిళ్ల ఒకటి దేహంతోపాటు ఉంచుతారు. అది కాలదు. చివర అస్థికలతోపాటు అదే బిళ్ల తిరిగి వస్తుంది. నంబరు ముందే రాసుకుంటే తర్వాత అనుమానం ఉండదు.

ఈ దేశానికి దహనం మనం తెచ్చింది కాదన్న సంగతి కూడా కాగితంలో ఒక మూల పెట్టాలనుంది. 1876లో పెన్సిల్వేనియాలోని వాషింగ్టన్ అనే ఊళ్లో డాక్టర్ లెమోయిన్ మొదటి క్రిమటోరియం కట్టాడు. అందులో మొదట దహనమైన బారన్ డి పామ్ థియోసాఫికల్ సొసైటీ (దివ్యజ్ఞాన సమాజం) మనిషి. దగ్గరుండి ఏర్పాట్లు చూసిన హెన్రీ ఆల్కాట్, తర్వాత మద్రాసు అడయారులో స్థిరపడిన ఆల్కాటే. కేథలిక్ చర్చి 1963లో నిషేధం సడలించింది. 2015 ప్రాంతంలో అమెరికాలో ఖననాల్ని దహనాలు దాటేశాయి. అందుకే ఇక్కడ మనకు యంత్రం సిద్ధంగా దొరికింది. గ్రీసులో మొదటి క్రిమటోరియం 2019లోగానీ తెరుచుకోలేదు.

చితి కోసం కోర్టుకెక్కింది బ్రిటన్‌లో దవిందర్ ఘాయ్. ఆరుబయట కట్టెల చితికి చోటివ్వమని న్యూకాజిల్ నగరపాలక సంస్థను 2006లో అడిగారు. వాళ్లు కాదన్నారు, 2009లో హైకోర్టూ కాదంది. 2010 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. గోడలుండి, పైన తెరిచి ఉండే కట్టడం కూడా 1902 నాటి దహన చట్టానికి సరిపోతుందని చెప్పింది. ఆయన చితి అడిగారు, గోడలకు ఒప్పుకున్నారు. చట్టం కప్పు విషయంలో మెత్తబడింది. ఎవరు ఎవరిలో ఇమిడారని అడిగితే నా జవాబు ఇద్దరూ అని. అసలు మొదటి ప్రపంచయుద్ధంలో బ్రైటన్ ఆసుపత్రుల్లో చనిపోయిన హిందూ, సిక్కు సైనికులు 53 మందిని ఆ ఊరి పక్క కొండల మీదే కట్టెలతో దహనం చేశారు. 1921లో అక్కడ ఛత్రి (గొడుగులాంటి స్మారక మండపం) కూడా కట్టారు. అమెరికాలో బహిరంగ చితి కొలరాడోలోని క్రెస్టోన్‌లో ఉంది, అదీ ఆ కౌంటీ (జిల్లా లాంటిది) వాళ్లకే.

మధ్యాహ్నం పురోహితుల పేర్ల దగ్గర ఆగాల్సొచ్చింది. గుడికి ఫోన్ చేసి అర్చకుణ్ణి పంపమంటారు, ఆయన రానంటే బాధపడతారు. ఆగమం ప్రకారం గర్భగుడిలోకి వెళ్లే అర్చకులు అపరకర్మలు (చావు తర్వాతి కర్మలు) చేయించరు. పైగా మతపరమైన పని చేసేవాళ్లకిచ్చే ఆర్-1 వీసా మీద వచ్చినవాళ్లు పిటిషన్ వేసిన సంస్థకే పనిచేయాలి, బయట సొంతంగా సంభావన తీసుకోవడానికి లేదు. అందుకని అపరం చేయించేవాళ్ల పేర్లు విడిగా ఉండాలి, శాఖ, సూత్రం వివరాలతో సహా.

అస్థికలు సుమారు రెండు మూడు కిలోలు ఉంటాయి, చేతికి రావడానికి వారం పట్టవచ్చు. అంటే మూడో రోజు అస్థికలు ఏరే సంచయనం అనుకున్న రోజుకు జరగకపోవచ్చు. కాలాక ఎముకల్ని యంత్రంలో పొడి చేస్తారు. విడిగా ఎముకలు కావాలంటే ముందే అడగాలి, అన్నిచోట్లా ఇవ్వరు. ఇండియాకు తీసుకెళ్లేటప్పుడు ఇత్తడి, స్టీలు పాత్ర వద్దు. విమానాశ్రయంలో ఎక్స్‌రే దాన్ని దాటి చూడలేదు, వాళ్లు మూత తీసి చూడరు, ఆపేస్తారు. చెక్క లేదా ప్లాస్టిక్ పెట్టెలో తీసుకెళ్లి, రాజమండ్రిలోనో బాసరలోనో మట్టికుండలోకి మార్చుకోవచ్చు. మరణ ధ్రువపత్రం, దహన ధ్రువపత్రం, పోయినవాళ్ల పాస్‌పోర్టు వెంట ఉండాలి. కాన్సులేట్ ఏమడుగుతుందో టికెట్ కొనకముందే చూసుకోవాలి. ఇక్కడే సముద్రంలో కలిపేవాళ్లు తీరానికి కనీసం 3 నాటికల్ మైళ్ల అవతల కలిపి, 30 రోజుల్లో పర్యావరణ సంస్థ ఈపీఏకు తెలియజేయాలి.

రాయడానికి చేయి ఆడనిది వీసా భాగం. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదున్న మనిషి పోతే, కుటుంబానికిచ్చే హెచ్-4 మీదున్న భార్య లేక భర్త కాళ్ల కింద నేల కదులుతుంది, ఎందుకంటే ఆ హోదా పోయిన మనిషి ఉద్యోగానికి ముడిపడింది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేథేలో కూచిభొట్ల శ్రీనివాస్ హత్యకు గురైనప్పుడు ఆయన భార్య సునయన దుమాల ఉండే హక్కు కూడా అలాగే పోయింది. అంత్యక్రియలకు హైదరాబాద్ వెళ్లిన ఆమె తిరిగి రావడానికి ఆ ప్రాంత కాంగ్రెస్ సభ్యుడు పూనుకోవాల్సి వచ్చింది. అందరికీ అలాంటి చేయూత దొరకదు. అందుకని దేహంతోగానీ అస్థికలతోగానీ విమానం ఎక్కేముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి. గ్రీన్‌కార్డ్ పిటిషన్ అప్పటికే వేసి ఉంటే, మిగిలిన కుటుంబానికి వలస చట్టం 204(ఎల్) సెక్షన్ కింద దారి ఉండవచ్చు. పదో రోజు దాకా ఆగుదామంటే ఆలస్యమవుతుంది.

రాత్రికి సంతకాల వంతు. దహన పత్రం మీద ఎవరు సంతకం చేయాలన్న వరస ఇక్కడ చట్టంలోనే ఉంది: వీలునామాలో నియమించిన మనిషి, తర్వాత భార్య లేక భర్త, తర్వాత మేజరైన పిల్లల్లో ఎక్కువమంది. కొడుకు దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చిన నాన్న పోతే, సంతకం చేయాల్సిన అమ్మ కొన్నిసార్లు నెల్లూరులోనో నల్లగొండలోనో ఉంటుంది. ఆమె సంతకం స్కాన్ చేసి పంపితే చాలా, నోటరీ ఉండాలా అన్నది ఫ్యునరల్ హోమ్‌ను మొదటి ఫోన్‌లోనే అడగాలి. ఆ ప్రశ్నను కాగితంలో రెండో వరసలోకి, 911 సంగతి కిందికి జరిపాను.