పళ్ళెం ఖాళీ అయినంత కాలం

మా కుక్క బుజ్జికి 14 ఏళ్ళు దాటాక వెనక కాళ్ళ కీళ్ళు అరిగిపోయాయి. కొద్ది నెలలకే మూత్రపిండాలు దెబ్బతింటున్నట్టు రక్తపరీక్షలో తేలింది. ఈ రెండు జబ్బుల్లో ఒకదాని వైద్యం రెండోదానికి అడ్డు. కీళ్ళ నొప్పికి వాడే మెలోక్సికామ్ వంటి మందులు మూత్రపిండాలకు రక్తప్రసరణ తగ్గిస్తాయి కనుక, డాక్టరు గారు దాన్ని ఆపించి గాబాపెంటిన్ రాశారు. దానికి నొప్పి పూర్తిగా లొంగలేదు.

ఎప్పుడు సాగనంపాలో ఎలా తెలుస్తుందని అడిగితే, "తిండి మానేసినప్పుడు తెలుస్తుంది" అని చాలామంది అన్నారు. నేను ఆ మాటనే పట్టుకు కూర్చున్నాను. బుజ్జి మాత్రం తిండి మానలేదు. రెండు పూటలా పళ్ళెం నాకి శుభ్రం చేసేది, ఆ ఖాళీ పళ్ళెం చూసుకుని నేను మరో వారం గడిపేసేవాణ్ణి.

రాత్రుళ్ళ సంగతి వేరు. పడుకోబోయి, నడుము సగం వంచి, మళ్ళీ లేచి, గదంతా తిరిగి, చివరికి గోడకు ఆనుకుని నిలబడే కునికిపాట్లు పడేది. చల్లటి రాత్రిళ్ళు కూడా వగర్చేది. నిద్రపోయే కుక్క ఊపిరి నిమిషానికి 30 సార్లు దాటకూడదంటారు. లెక్కపెట్టడానికి అది నిద్రపోతే కదా.

డాక్టరు గారు ఒక కాగితం ఇచ్చారు. ఆలిస్ విల్లలోబోస్ అనే పశువైద్యురాలు 2004లో వెలువరించిన కొలమానం అది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, మంచిరోజులే ఎక్కువగా ఉన్నాయా అన్నది, ఈ ఏడింటికీ పదేసి మార్కులు. పరిస్థితి ఎంత బాగుంటే అంత ఎక్కువ; నొప్పి గడిలో కూడా, బాధ ఎక్కువైతే మార్కులు తక్కువ. మొత్తం 35 దాటితే ఇంకా కొనసాగించవచ్చని లెక్క. నేనూ నా భార్యా వేరువేరుగా నింపాం. నాకు 39 వచ్చింది, ఆమెకు 28. ఆకలికి 10 వేసిన ఊపులో నేను సంతోషానికి 8, నొప్పికి 5 వేశాను. రాత్రి 2 గంటలకు దానితోపాటు మేలుకునే మనిషి నొప్పి గడిలో 1 వేసింది. నేను మార్కులు వేసింది పగటి బుజ్జికి.

ఆ వారం రాత్రి కాపలా నేను తీసుకున్నాను. నాలుగో రాత్రి మళ్ళీ కాగితం తీసి నింపితే 26 వచ్చింది. తెల్లవారాక ఫోను చేసి, కారుణ్య మరణం అనే మాట పలకడానికి రెండుసార్లు గొంతు సవరించుకున్నాను.

ఆ రోజు ఉదయం కూడా పళ్ళెం ఖాళీ చేసింది. ముందు మత్తు సూది, ఆ తరువాత గుండెను ఆపే పెంటోబార్బిటాల్ ఇస్తామనీ, ప్రాణం పోయాక కళ్ళు మూసుకోకపోవచ్చనీ, ఒకటి రెండు ఊపిరులు తీసినట్టు కనిపించినా బెదరవద్దనీ డాక్టరు గారు చెప్పారు. మత్తు ఎక్కుతుండగా బుజ్జి కాళ్ళు చాపి, పక్కకు ఒరిగి పడుకుంది. అలా పడుకోగా చూసి ఎన్ని వారాలైందో. రెండో సూదికి ముందు నేను దాని డొక్క మీద చెయ్యి వేసి లెక్కపెట్టాను. నిమిషానికి 18.