పది నిమిషాల కునుకు, పబ్లిక్ రికార్డులో

వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ సభ్యుడొకాయన ఆఫీసులో స్టాఫర్‌ని నేను. చూసేది నీళ్ళు, కరెంటు వ్యవహారాలు. ఆ మధ్య ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు అరిజోనాకి మూడు రోజుల టూర్‌కి పిలిచారు. కొలరాడో నది నీళ్ళు ఎడారి దాటి ఫీనిక్స్ దాకా కాలువలో ఎలా వస్తాయో చూపిస్తారట. టికెట్టు, హోటలు, భోజనాలు అన్నీ వాళ్ళవే. నేను ఎగిరి గంతేస్తుంటే పక్క సీటులో ఉండే సీనియర్ నవ్వి, "వెళ్ళిరావడం తేలికే, కాగితాలతోనే ఉంది నీకు" అన్నారు.

బయల్దేరడానికి కనీసం 30 రోజుల ముందే అన్నీ సభ్యుల, స్టాఫర్ల నడవడిక చూసే ఎథిక్స్ కమిటీకి చేరాలి. నా ఫారం, స్పాన్సర్ (అంటే పిలిచి ఖర్చు పెట్టుకునే సంస్థ) ఫారం, ఎవరెవరిని పిలిచారో జాబితా, ఏ గంటకు ఏం చేస్తామో అజెండా. ఈ ఊరే ఎందుకు, ఈ హోటలే ఎందుకు, నన్నే ఎందుకు పిలిచారు అన్నది స్పాన్సర్ రాసివ్వాలి. లాబీయిస్టుల, అంటే డబ్బు తీసుకుని ఎవరి తరఫునో చట్టసభ వాళ్ళని ఒప్పించేవాళ్ళ, డబ్బు ఇందులో లేదని సంతకం పెట్టాలి. ఇది నా ఉద్యోగానికి పనికొచ్చే ప్రయాణమేనని మా బాస్ కూడా ముందే సంతకం చేయాలి. మా ఆవిడని తీసుకెళ్దామా అనుకున్నాను గానీ, తన ఖర్చు కూడా విడిగా చూపించాలని తెలిసి తనే వద్దంది.

ఇంత చాదస్తం ఊరికే రాలేదు. లాబీయిస్టు జాక్ అబ్రమాఫ్ 2002లో బాబ్ నే అనే సభ్యుణ్ణి, కొందరు స్టాఫర్లని గోల్ఫ్ ఆడటానికి స్కాట్లాండ్ తీసుకెళ్ళాడు. ఆ కుంభకోణం ముదిరి 2007లో నిబంధనలు బిగిశాయి. అయినా 2013లో అజర్‌బైజాన్ రాజధాని బాకూలో సదస్సుకి 10 మంది సభ్యులు, 32 మంది స్టాఫర్లు వెళ్ళారు. ఫారాల మీద స్పాన్సర్లు స్వచ్ఛంద సంస్థలే. తీరా చూస్తే డబ్బు అజర్‌బైజాన్ ప్రభుత్వ చమురు కంపెనీది. అప్పుడు వెళ్ళినవాళ్ళకి తెలిసి చేసిన తప్పేమీ లేదని కమిటీ తేల్చింది, కానీ నా స్పాన్సర్ ఇచ్చిన ప్రతి కాగితాన్నీ రెండుసార్లు చదవడం ఆ కథ విన్నాకే మొదలుపెట్టాను.

అనుమతి లెటర్ వచ్చింది, వెళ్ళాను. రెండో రోజు పొద్దుటి సెషన్ అయ్యాక పది నిమిషాలు నడుం వాల్చుదామని గదికెళ్ళాను. లేచి చూసేసరికి కాలువ చూపించడానికి వెళ్ళే వ్యాను వెళ్ళిపోయి గంట దాటింది. ఏ కాలువ కోసమైతే అంత దూరం వెళ్ళానో, ఆ కాలువే చూడలేదు!

తిరిగొచ్చాక అసలు పరీక్ష. వచ్చిన 15 రోజుల్లోపు సభ రికార్డులు చూసే క్లర్క్ ఆఫీసులో ఫారం దాఖలు చేయాలి. దానికి జతచేయాల్సిన స్పాన్సర్ ఫారం వాళ్ళు 10 రోజుల్లో నాకివ్వాలి. తొమ్మిదో రోజు దాకా ఉలుకూ పలుకూ లేదు, చివరికి వచ్చిన దాంట్లో ప్రయాణం, బస, భోజనం అన్నీ కలిపి ఒకే రౌండు ఫిగర్ వేసి చేతులు దులుపుకున్నారు. పైగా ఆ ఫారంలోనే ఒక గడి ఉంటుంది, ఇవి నిజంగా అయిన ఖర్చులే, గంపగుత్తగా ఇచ్చింది కాదు అని. ఆ గడిలోనూ టిక్కు పెట్టేశారు. ఫోన్ల మీద ఫోన్లు చేసి, దేనికెంతో విడివిడిగా రాయించుకునేసరికి 13వ రోజు. తలప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు కనిపించింది నా ఫారంలోని ప్రశ్న. అజెండాలో ఉన్న ప్రతి కార్యక్రమంలోనూ పాల్గొన్నాను అని టిక్కు పెట్టాలి, లేదంటే ఎందుకో రాయాలి. ముందు "ఒంట్లో బాగోలేక" అని రాశాను. చెరిపేశాను. అబద్ధం రాసి కింద నిజమని సంతకం పెట్టడం చిన్న విషయం కాదు. టిక్కు పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది అన్న ఆలోచన రాలేదని చెప్పను, కానీ ఆ వ్యానులో ఇంకో ఆఫీసు స్టాఫర్లున్నారు. సీనియర్‌ని అడిగితే, "జరిగిందే రాయి, ఒక్క లైనులో రాయి, కథలొద్దు" అన్నారు.

"రెండో రోజు మధ్యాహ్నం కాలువ సందర్శనకు వెళ్ళలేదు, హోటల్ గదిలో నిద్రపోయాను" అని రాసి, కమిటీ లెటర్, అజెండా, మిగతా ఫారాలు అన్నీ జతచేసి ఒక రోజు ముందే పంపేశాను.

తర్వాత క్లర్క్ వెబ్‌సైట్‌లో చూస్తే ఉంది. నా పేరు, ఊరు, తేదీలు, ఖర్చులు, ఆ లైనూ. మా ఆఫీసులో ఇప్పుడు ఎవరికి ఆవులింత వచ్చినా నా వైపే చూస్తున్నారు.