మాస్టారు రాయించిన రెండో పేజీ

మన 1997 పదో తరగతి బ్యాచ్ సమావేశ సంచికకి ఏదైనా రాయమని అడగగానే నాకు సైన్సు మాస్టారు గుర్తొచ్చారు. ఆయన చెప్పిన పాఠాల్లో చాలావరకు పరీక్షలతోనే మర్చిపోయి ఉంటాం. తుఫాను తర్వాత ఆయన మా చేత రాయించిన రెండు పేజీలు మాత్రం నాకు ఇప్పటికీ ఆసరాగా ఉన్నాయి. సంతోషంగా ఉండటం, మనిషిగా ఎదగడం అంటూ ఈ రోజుల్లో వినిపించే మాటలన్నిటికీ అసలు అర్థం నాకు అక్కడే తెలిసింది.

1996 నవంబరు 6 రాత్రి సంగతి మన కోనసీమ వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ ఈ సంచికని మన పిల్లలు కూడా చదువుతారు కదా. దీపావళి ఇంకో నాలుగైదు రోజులుందనగా కాకినాడకి దక్షిణాన తుఫాను తీరం దాటింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకెళ్లిన ఎన్నో పడవలు తిరిగి రాలేదు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్లలో ఆ దుఃఖం ఏళ్ల తరబడి ఉండిపోయింది. కొబ్బరి చెట్లు లక్షల్లో నేలకూలాయి. అంతకు ముందు ఏడాదే పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండింది. 86 గోదావరి వరదని పెద్దవాళ్లు ఇంకా మర్చిపోనేలేదు. "ఈ నేలకేదో శాపం ఉంది" అనే మాట ఏ అరుగు మీద కూర్చున్నా వినపడేది.

వరి పోతే దాళ్వాకి, అంటే రెండో పంటకి, మళ్లీ నారు పోసుకోవచ్చు. దేశవాళీ కొబ్బరి మొక్క పెడితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. "ఇంక మా చేతుల మీదుగా కొబ్బరికాయల దింపు తీయించం" అని మా నాన్నగారి ఈడు వాళ్లు అనేశారు. అప్పటికి ఆయనకి యాభై కూడా లేవు.

బడి తెరిచేసరికి గదుల పెంకులన్నీ ఎగిరిపోయి ఉన్నాయి. మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టారు. మాస్టారు పాఠం మొదలుపెట్టకుండా, నోట్సులో ఒక పేజీ తీసి ఇంట్లో ఏమేం పోయాయో రాయమన్నారు. రెవెన్యూ వాళ్లు అప్పటికే ఇంటింటికీ తిరిగి నష్టం రాసుకుంటున్నారు కాబట్టి ఆ పని మాకు బాగా తెలుసు. గబగబా రాసేశాం. తర్వాత పక్క పేజీలో మిగిలినవి రాయమన్నారు. ఎవరి కలమూ కదల్లేదు. ఆయన కోప్పడలేదు. "పోయింది ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టారో, ఉన్నదీ అంతే జాగ్రత్తగా లెక్కపెట్టండర్రా" అన్నారు.

చివరికి ఒకమ్మాయి "గేదె" అని రాసింది. ఆ తర్వాత ఒకరు బోరింగు పంపు, ఇంకొకరు పిన్నిగారి కుట్టుమిషను రాశారు. మెరక తోటల్లో భూమిలో ఉన్న కంద బాగానే ఉందని ఒకడు రాశాడు. పడిపోయిన చెట్ల దుంగల్ని బోదె (చిన్న పంట కాలువ) మీద అడ్డంగా వేసుకుని దాటుతున్నామని మరొకడు రాశాడు. వెనక వరసలో ఒకడు మాత్రం పేజీ అంతా పరిచి "అన్నీ మన మంచికే" అని రాసిపెట్టాడు. మాస్టారు వాడి పక్కన కూర్చుని, "చెట్లన్నీ పడిపోవడం మీ నాన్నకి మంచెలా అయిందిరా, చెప్పు" అని అడిగారు. వాడు మాట్లాడలేదు. "పోయినదాన్ని పోయిందనే రాయి. అబద్ధం మీద ధైర్యం నిలబడదు" అన్నారు.

ఆశావాదం గురించి నేను విన్నవాటిలో ఇంతకంటే నిజమైన మాట ఇంకోటి లేదు.

మర్నాటి నుంచి మొదటి పేజీలోని ఒక్కో నష్టానికీ మూడు ప్రశ్నలు వేయించారు. ఇది ఎన్నాళ్లుంటుంది? దీనివల్ల ఏం ఆగిపోయింది, ఏం ఆగలేదు? ఇందులో మన చేతిలో ఉన్నదేమిటి? కరెంటు లేదు, కొన్ని వారాల దాకా రాదు. రాత్రి చదువు ఆగింది, పగటి చదువు ఆగలేదు. పొద్దున్నే బడికి రావడం మన చేతిలో ఉంది. ఆరింటికల్లా బడికి రావడం అలా మొదలైందే. అంతవరకు క్లాసులో నోరు విప్పని నాకు ఎనిమిదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పే పని అప్పగించారు. నాకూ ఒకరికి చెప్పేంత వచ్చునని తెలిసింది అక్కడే. మా ఇంట్లో మొదటి పేజీ పెద్దదే. అయినా ఆ ఉదయాలు నాకు సంతోషంగా గడిచాయి. అలా అనిపించినందుకు సిగ్గుపడక్కర్లేదని కూడా అక్కడే నేర్చుకున్నాను.

ఫిజియోథెరపీ చదివేటప్పుడు సైకాలజీ పేపర్లో మార్టిన్ సెలిగ్మన్ గురించి చదివి ఆశ్చర్యపోయాను. కష్టమొచ్చినప్పుడు మనిషి అది ఎప్పటికీ ఉండిపోతుందనుకుంటున్నాడా, బతుకంతటికీ దాన్ని అంటగడుతున్నాడా, తప్పంతా తనదేననుకుంటున్నాడా అని ఆ అమెరికన్ శాస్త్రవేత్త పరిశీలించారు. మా వరండాలోని ప్రశ్నలకి ఇవి దగ్గర చుట్టాలే. ఒక వారం పాటు రోజూ రాత్రి ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలూ, అవెందుకు జరిగాయో రాసుకున్నవాళ్లలో ఆరు నెలల తర్వాత కూడా సంతోషం పెరిగి కనిపించిందని ఆయన బృందం 2005లో ప్రకటించింది. నాకు మరీ నచ్చింది గాబ్రియేలె ఓటింగెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త చేసిన పని. తుంటి కీలు మార్పిడి ఆపరేషనుకి వెళ్లేవాళ్లని ఆవిడ బృందం పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించింది. కోలుకుంటామన్న నమ్మకం ఉన్నవాళ్లు బాగా కోలుకున్నారు. అంతా హాయిగా అయిపోయినట్టు తీయని ఊహల్లో ఎక్కువగా తేలినవాళ్లు అంత బాగా కోలుకోలేదు.

కాకినాడలో నా దగ్గరికొచ్చే పేషెంట్లలో ఇది రోజూ చూస్తున్నాను. అందుకే మోకాలు ఎంత వంగుతోందో డిగ్రీల్లో కొలిచి, ఆ అంకె కాగితం మీద రాసి వాళ్ల చేతికిస్తాను. గోదావరి లంకలో అరటి వేసే ఒక పెద్దాయనకి పక్షవాతం వచ్చింది. "నా పని అయిపోయిందమ్మా" అంటూ గోడ వైపు తిరిగి పడుకునేవారు. ఎడమ చెయ్యి లేవట్లేదు, నిజమే. కుడి చేత్తో ఏమేం చేయగలరో ఆయన చేతే చెప్పించాను. కొన్ని నెలలకి కుర్చీ వేయించుకుని గట్టు మీద కూర్చుని నాటడానికి అరటి పిలకలు ఏరి ఇస్తున్నారు. ఎడమ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా రాలేదు. మనిషి మాత్రం మళ్లీ కొడుకుతో ధరల గురించి వాదిస్తున్నారు!

దుఃఖంలో ఉన్నవాళ్లకి "పాజిటివ్‌గా ఉండు" అని మెసేజ్ పంపి ఊరుకోవడం నాకు నచ్చదు. వారాల తరబడి నిద్ర, ఆకలి లేకుండా ఎవరైనా కుంగిపోతుంటే డాక్టరుకి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. అది మనసు బలహీనత కాదు, జబ్బు.

మాస్టారి భార్య పోయినప్పుడు చూడ్డానికి వెళ్లాను. "రెండో పేజీ రాయబుద్ధి కావట్లేదమ్మాయ్" అన్నారు. నేను బలవంతపెట్టలేదు. వంట చేసి, ఆయనతో కూర్చుని భోంచేసి వచ్చాను. అలా చాలాసార్లు వెళ్లాను. వర్షాలు మొదలయ్యాక ఒక రోజు ఆయనే ఫోన్ చేశారు. వీధిలో పిల్లలు సైన్సు చెప్పించుకోవడానికి వస్తున్నారట, కానీ మోకాళ్ల నొప్పి వల్ల ఎక్కువసేపు నిలబడలేకపోతున్నారట. "ఏం చెయ్యాలో చెప్పు, చేస్తాను" అన్నారు. చెప్పాను, చేస్తున్నారు కూడా.

మన సమావేశానికి తప్పకుండా వస్తానన్నారు. స్టేజీ ఎక్కి మాట్లాడాలని ఇప్పట్నుంచే మెట్లు ప్రాక్టీసు చేస్తున్నారు. కుడి చేతికి పట్టు ఉంటే ఎక్కగలరు. ఏర్పాట్లు చూస్తున్నవాళ్లు దయచేసి మెట్లకి కుడివైపు గట్టి రెయిలింగ్ ఒకటి కట్టించండి. వెదురుదైనా ఫర్వాలేదు, కదలకుండా ఉంటే చాలు.