బిల్జ్‌లో చేరిన మంచినీళ్ళు

సియాటిల్‌లో ఉంటున్న మా బావగారి తెరచాప పడవలో మొన్న వేసవిలో అనకోర్టిస్ రేవు నుంచి శాన్ హువాన్ దీవులకు బయలుదేరాము. రోజారియో జలసంధిలో గాలి పడిపోవడంతో ఫ్రైడే హార్బర్ దాకా ఇంజిను మీదే వెళ్ళవలసి వచ్చింది. ఆ రాత్రి అందరమూ పడుకున్నాక, ఎవరూ కొళాయి తిప్పకుండానే నీటి పంపు గుర్రుమని ఆగింది. పావుగంటకు మళ్ళీ అదే చప్పుడు. గొట్టాలలో పీడనం తగ్గితేనే తిరిగే పంపు అది. అంటే ఎక్కడో నీరు కారుతున్నదన్నమాట.

తెల్లవారి నేలపలక ఎత్తితే బిల్జ్‌లో, అనగా పడవ అడుగున నీరు చేరే గుంటలో, బెత్తెడు లోతు నీళ్ళున్నాయి. బావగారు వేలు ముంచి నాలుకకు తాకించి, "మంచినీళ్ళేనోయ్" అన్నారు. ఉప్పగా ఉంటే సముద్రమే లోపలికి వస్తున్నట్టు కనుక, ఆ మాటతో నా ప్రాణం కుదుటపడింది.

బిల్జ్ తుడిచి పంపు కట్టేశాము. రెండు గంటలైనా చుక్క చేరలేదు, కాబట్టి ట్యాంకులో లోపం లేదు. తరువాత పంపు వేసి, గీజరుకు చన్నీళ్ళు వెళ్ళే వాల్వు మూయగానే చప్పుడు ఆగిపోవడంతో లీకు వేడినీళ్ళ వైపే ఉందని తేలింది. ఇంజిను వేడితో గీజరు కాగినప్పుడు, పీడనం ఎక్కువైతే నీరు వదిలే రిలీఫ్ వాల్వు కారడం మామూలే కనుక ముందు దానినే అనుమానించి గ్లాసు పెట్టాము. అది పొడిగానే ఉంది.

ఇక చన్నీళ్ళ వాల్వు తెరిచి ప్రతి జాయింటు కిందా టిష్యూ కాగితం పరిచాము. నీరు కనబడిన చోటే కారుతుందని నమ్మకూడదు. అది పడవ పక్కెల వెంట పాకి, చిన్న రంధ్రాలలోంచి దిగి, ఎక్కడో తేలుతుంది. చివరికి వెనుక గదిలో మంచం కింద, బయట స్నానం చేసే షవరుకు వెళ్ళే గొట్టం దగ్గరి కాగితం మీద రూపాయి బిళ్ళంత తడి కనిపించింది. టార్చి వేసి చూస్తే, తుప్పు పట్టిన క్లిప్పు అంచున ఒక నీటిబొట్టు మెల్లగా ఉబ్బి, జారి, మళ్ళీ ఊరుతోంది.

పంపు ఆపి, గట్టిపడిన గొట్టం కొస అంగుళం మేర కోసి, మిగిలినదాన్ని వేడినీళ్ళలో మెత్తబరిచి ఎక్కించి, కొత్త స్టీలు క్లిప్పు బిగించాము. పంపు వేశాక గంటసేపు ఇద్దరమూ ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నాము. అది తడవలేదు. బయటి దీవుల్లో నీళ్ళు దొరికే చోట్లు తక్కువ కాబట్టి ట్యాంకు నిండా పట్టుకుని, తాళ్ళు విప్పి స్టువర్ట్ దీవి దారి పట్టాము.